దేవుడు నా దారి మారుస్తున్నాడా, లేక నేనే పారిపోతున్నానా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, ఇరవై ఏడేళ్ళ వయసు, ఇంటికి పెద్ద కొడుకు. దేవుడు మిమ్మల్ని వేరే పనికి పిలుస్తున్నాడని ఏడాదిగా లోపల ఒకటే అనిపిస్తోంది అన్నారు. అది నిజంగా ఆయన పిలుపో, ఆఫీసు టెన్షన్ తట్టుకోలేక మనసు వెతుక్కున్న సాకో ఎలా తెలుస్తుందని అడిగారు. చివర్లో చిన్నగా, అమ్మకు ఎలా చెప్పాలి అని కూడా రాశారు.

నేను క్రైస్తవురాలిని. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మీరు ఏ దేవుడికి మొక్కుతారో రాయలేదు. నాకు తెలిసింది నా జీవితంలో జరిగిందే కాబట్టి అదే చెప్తాను. అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

మా సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంటుంది. పన్నెండు దాటి, ప్రార్థన ముగిసి, అందరూ చేతులు కలిపి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకున్నాక స్టీలు పళ్ళెంలో వాగ్దానం కార్డులు బోర్లా పెట్టి తెస్తారు. వరసలో నిలబడి ఒక్కొక్కరం ఒకటి తీసుకుంటాం. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట అని నమ్ముతాం. 2014 చివరి రాత్రి నాకు వచ్చిన కార్డు యెషయా గ్రంథం 43వ అధ్యాయం లోనిది: "ఇదిగో నేనొక నూతనక్రియ చేయుచున్నాను."

అప్పటికి మాదాపూర్‌లో టెస్టింగ్ ఇంజినీరుగా నాకు ఐదేళ్ళు. మా టీమ్ నుంచి ఇద్దరిని జర్మనీకి ఆన్‌సైట్ పంపుతారని, అందులో నా పేరు ఉందని మేనేజర్ చెప్పాడు. పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకున్నాను. ఆదివారం సాయంత్రాలు జర్మన్ క్లాసులకు వెళ్ళేదాన్ని. అలాంటి సమయంలో ఆ కార్డు చేతికొస్తే ఇంకేమనుకుంటాను? నూతన క్రియ అంటే జర్మనీయే అనుకున్నాను. కార్డును ఆఫీసు ఐడీ వెనక కవరులో పెట్టుకుని ఆరు నెలలు మెళ్ళో వేసుకు తిరిగాను. లిఫ్టులో ఒక్కదాన్నే ఉంటే తిప్పి చూసుకునేదాన్ని.

జూన్‌లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. ఎవరినీ పంపలేదు. నన్ను బెంచ్ మీద పెట్టారు, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా.

ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన అంతా నిష్ఠూరమే. మాట ఇచ్చి ఎందుకు తప్పావు అని అడిగేదాన్ని. సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్తుంటే, అంటే దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకుంటుంటే, లేచి బయటికి వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని. నేను పట్టించుకోనిది ఒకటుందని చాలా రోజుల తరవాత గానీ అర్థం కాలేదు. ఆ వాక్యం బబులోను చెరలో ఉన్న జనంతో చెప్పినది. దానికి ముందు వచనంలోనే, మునుపటివాటిని జ్ఞాపకం చేసుకోవద్దని ఉంది. అరణ్యంలో త్రోవ, ఎడారిలో నదులు అని ఉంది. ఊరి పేరు లేదు, తారీఖు లేదు. దేవుడు రాసిన ఉత్తరం మీద అడ్రసు రాసుకున్నది నేను. ఆ అడ్రసుకు చేరలేదని ఆయన మీద కోపం పెట్టుకున్నదీ నేనే.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. దారి మారడానికి సిద్ధంగా ఉన్నాను అని మీరు రాశారు గానీ, ఆ కొత్త దారి ఏదో కూడా మీరే నిర్ణయించేసుకున్నట్టుంది. రాజీనామా, ఆ తరవాత ఊళ్ళో సేవ. అది దేవుడి ఆలోచనే అయి ఉండవచ్చు. కాకపోవచ్చు కూడా. నేను జర్మనీని ఎంత గట్టిగా పట్టుకున్నానో మీరు ఆ రాజీనామాను అంత గట్టిగా పట్టుకున్నారేమో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు మలుపు ఎక్కడ వచ్చిందో చెప్తాను. వచ్చినప్పుడు దాన్ని మలుపు అని నేను అనుకోలేదు.

చిలకలగూడలో మా సంఘం నడిపే సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. అక్కడికి తొమ్మిదేళ్ళ బాబు ఒకడు వచ్చేవాడు. డౌన్ సిండ్రోమ్. తబలా పక్కనే కూర్చుని, పాట అయిపోయాక కూడా చప్పట్లు కొడుతూ ఉండేవాడు. నేను బెంచ్ మీద ఉన్నానని వాళ్ళమ్మకు ఎవరో చెప్పారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అక్కా, జర నాతోని బోయిన్‌పల్లి దాకా వస్తవా? ఫారాలన్నీ ఇంగ్లీషులనే ఉంటయంట, నాకు సమజ్ కాదు" అంది. ఆమె అడిగింది అంతే. ఫారం నింపిపెట్టడం.

ఆమె వెళ్ళాల్సింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థకు. 1984లో పెట్టారు. అప్పట్లో ఎన్ఐఎంహెచ్ అనేవాళ్ళు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆ గేటు ముందు నుంచి వందసార్లు బస్సులో వెళ్ళాను, లోపల ఏముందో ఎప్పుడూ తెలియదు. ఫారాలు నింపాం, పరీక్షలు అయ్యాయి, రెండు మూడుసార్లు తిరిగాం. తరవాత ఒక బుధవారం స్పెషల్ ఎడ్యుకేటర్ మేడం ఆ బాబుకు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పుతుంటే పక్కన కూర్చుని చూశాను.

మామూలుగా మనం ఎలా నేర్పుతాం? ఇదిగో ఇలా పట్టుకో, ఇలా దూర్చు, ఇలా లాగు అని మొదటి నుంచి. ఆవిడ చివరి నుంచి మొదలుపెట్టింది. గుండీని తనే పట్టుకుని, కాజాలోంచి ముప్పావు వంతు తనే దూర్చి, ఆ చివరి కొంచెం లాగడం మాత్రం వాడికి వదిలింది. వాడు నాలుక బయటపెట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. వచ్చేసింది. మళ్ళీ విప్పి, ఈసారి సగం వరకే దూర్చి వదిలింది. ఆ తరవాత అంచు మాత్రం. ప్రతిసారీ పని పూర్తయ్యేది వాడి చేతిలోనే. దీన్ని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారని తరవాత చదువుకున్నాను. పని పూర్తి చేసిన సంతోషం పిల్లవాడికి మొదటి రోజు నుంచే దొరకాలని అలా నేర్పుతారు.

నలభై నిమిషాలు పట్టింది. చివరికి వాడు లేచి, ఆ ఒక్క గుండీ పెట్టిన చొక్కాను చేత్తో చూపిస్తూ వాళ్ళమ్మ వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ వాడికి గుండీలు పెడుతున్న మనిషి ఆమె. ఏమీ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నేను టెస్టర్‌ని. ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఎక్కడ తప్పిపోతోందో పట్టుకోవడం నా రోజువారీ పని. ఆ గదిలో ఆవిడ చేస్తున్నది అదే. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ జర్మనీ గురించి ఒక్కసారి కూడా తలుచుకోలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఇంతవరకు విని ఇక ఉద్యోగం మానేశాను అంటాననుకుంటారేమో. మానలేదు. ఇక్కడే మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఉంది.

సెప్టెంబరులో నాకు కొత్త ప్రాజెక్టు ఇచ్చారు. మంచి టీమ్, మంచి మేనేజర్, సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి. నేను పారిపోవాలనుకున్నదే నిజమైతే, పారిపోవాల్సిన కారణం పోయాక ఆ ఆలోచన కూడా పోవాలి. పోలేదు. బుధవారం వస్తే కళ్ళు గడియారం మీదికే వెళ్ళేవి. ఆ బాబు ఈ వారం రెండో గుండీ పెట్టాడో లేదో అనుకునేదాన్ని. ఆఫీసు బాగున్న రోజుల్లోనే అది ఎక్కువైంది. మీరు కూడా ఒకటి గమనించండి: పని ఒత్తిడి బాగా ఉన్న వారం మాత్రమే దేవుడు పిలుస్తున్నట్టు అనిపిస్తోందా, సెలవు తీసుకుని హాయిగా పడుకుని లేచిన మర్నాడు కూడా అనిపిస్తోందా? రెండోది అయితే దాన్ని గౌరవించండి. మొదటిది అయితే ముందు మీకు విశ్రాంతి కావాలి, నిద్ర పట్టకపోతే డాక్టరు కావాలి. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు, అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

మా పాస్టర్ గారికి చెప్పాను. ఎగిరి గంతేసి దేవునికి స్తోత్రం అంటారనుకున్నాను. ఆయన నెమ్మదిగా రెండు ప్రశ్నలు అడిగారు. "అప్పులేమైనా ఉన్నాయామ్మా?" ఉన్నాయి. అక్క పెళ్ళికి నా పేరు మీద తీసుకున్న పర్సనల్ లోను, నెలకు 9,400. "ఇంట్లో నీ జీతం మీద ఆధారపడినవాళ్ళు ఎవరు?" నాన్నకు పెన్షన్ వస్తుంది, తమ్ముడి ఫీజు ఇంకో ఏడాది నాదే. అప్పుడాయన, "ఆ అప్పు తీర్చడం కూడా దేవుని చిత్తమే తల్లీ. తీర్చు. ఈలోగా ఆరు నెలలు ఎవరికీ సాక్ష్యం చెప్పకు. చెప్తే ఆ మాట కోసమైనా చెయ్యాల్సి వస్తుంది" అన్నారు. అంత మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. శనివారాలు మాత్రం వెళ్ళి సాయం చేస్తూ, ఆ అప్పు తీరేదాకా పద్నాలుగు నెలలు అదే ఉద్యోగం చేశాను.

ఆ పద్నాలుగు నెలల్లో నాకు ఆసరాగా నిలిచింది బైబిల్లో అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయం. మీరు క్రైస్తవులు కాకపోయినా ఒకసారి చదవండి, కథగా కూడా బాగుంటుంది. యేసు సంగతి ప్రకటించడానికి పౌలు, సీల, తిమోతి బయలుదేరతారు. ఆసియలో (అప్పట్లో అది ఒక రోమా రాష్ట్రం, ఇప్పటి టర్కీలో ఉంది) వాక్యం చెప్పబోతే పరిశుద్ధాత్మ ఆపుతాడు. బితూనియకు వెళ్ళబోతే అక్కడికీ వెళ్ళనివ్వడు. ఎందుకు వద్దో చెప్పడు. వాళ్ళు కూలబడి ఏడవలేదు, నడుస్తూ నడుస్తూ సముద్రం ఒడ్డున త్రోయ అనే ఊరికి చేరారు. మాసిదోనియకు వచ్చి సాయం చెయ్యమని ఒక మనిషి పిలుస్తున్నట్టు అక్కడ రాత్రి దర్శనం. తీరా సముద్రం దాటి ఫిలిప్పీకి వెళ్తే ఆ మనిషి ఎక్కడా కనిపించడు. నది ఒడ్డున కొందరు ఆడవాళ్ళు ప్రార్థనకు కూడి ఉన్నారు. అందులో ఊదారంగు సరుకు అమ్ముకునే లూదియ అనే ఆమె నమ్మింది. ఆమె సొంత ఊరు తుయతైర. తుయతైర ఎక్కడుందనుకున్నారు? పౌలును వెళ్ళొద్దన్న ఆ ఆసియలోనే. ఈ సంగతి తట్టిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆయన మూసిన తలుపుకు అవతలి మనుషులను ఆయన మరిచిపోలేదు.

మన దగ్గర చాలామంది, తలుపు తెరుచుకుంటే దేవుడిది, మూసుకుంటే కాదు అంటారు. నాకు ఈ లెక్క ఒప్పుకోబుద్ధి కాదు. అదే ఫిలిప్పీలో పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్ళకు బొండ వేసి చెరసాలలో పెట్టారు. వాళ్ళు వచ్చింది సరైన ఊరికే. అలాగే నా ప్రాజెక్టును దేవుడే ఆపాడని నేను అనను. క్లయింటుకు డబ్బు లేక ఆపాడు. అది ఆగిపోయి నేను ఖాళీగా, కోపంగా ఉన్నప్పుడు ఆయన నన్ను వదిలిపెట్టలేదు. అది మాత్రం అంటాను.

మా అమ్మమ్మ ముషీరాబాద్‌లో గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరానికి వెళ్ళేది. ఏటా అక్కడ జరిగే పెద్ద కూటాలకు నన్నూ తీసుకెళ్ళేది. వేలమంది నేల మీద చాపలేసుకుని కూర్చుని ప్రేమవిందు తినడం నాకు బాగా గుర్తు. ఆ సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్ గారి గురించి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదవడానికి 1926లో ఇంగ్లండ్ వెళ్ళారు. అక్కడి నుంచి కెనడా. 1929లో అక్కడ బైబిలు చదవడం మొదలుపెట్టి, 1932లో బాప్తిస్మం తీసుకుని, మరుసటి ఏడాది బొంబాయిలో ఓడ దిగారు. విశ్వాసం సంగతి బయటికి చెప్పొద్దని తల్లిదండ్రులు బతిమాలితే, అది తన వల్ల కాదన్నారట. పంజాబీ ఇంజినీరు కావాల్సిన మనిషి చివరికి మన హైదరాబాద్‌లో, 2000 సెప్టెంబరులో కన్నుమూశారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. "ఇంజినీరు అయితనని పోయినాయనను దేవుడు మన గల్లీకి తోల్కొచ్చిండు" అనేది. చిన్నప్పుడు అది మహాభక్తుల సంగతి, మనకేం సంబంధం అనుకునేదాన్ని.

2017లో ఉద్యోగం మాని స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమాకు చేరాను. ఇంటర్ అర్హతతో చేరే రెండేళ్ళ కోర్సు. నా పక్కన పద్దెనిమిదేళ్ళ పిల్లలు, నాకు ఇరవై తొమ్మిది. ఇలాంటి కోర్సు తీసుకుంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ లేనిదే ఈ పిల్లలకు టీచరుగా పనిచేయకూడదు. చదువు అయ్యాక మొదటి జీతం 16 వేలు. మాదాపూర్‌లో చివరి జీతం 58 వేలు. కుదరబోయిన ఒక సంబంధం, నేను ఉద్యోగం మానానని తెలిసి వెనక్కి పోయింది. ఆ బాధ చిన్నది కాదు. రెండేళ్ళ తరవాత పెళ్ళయింది, ఆయనకు నా పనంటే గౌరవం.

పని కూడా మీరు ఊహించుకునేంత మెత్తగా ఉండదు. ఒక పాప నా చెయ్యి కొరికిన మచ్చ ఇంకా ఉంది. ఆరు నెలలు నేర్పిన అక్షరం ఒక్క జ్వరంతో మరిచిపోయిన పిల్లలున్నారు. "మేము పోయినంక వీణ్ణి ఎవరు చూస్తరు?" అని అడిగే తండ్రికి నా దగ్గర జవాబు లేదు. అయినా పొద్దున లేవగానే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

మీరు చెయ్యగలిగింది అడిగితే నేను చెప్పేది చాలా చిన్నది. రాజీనామా లెటరు పక్కన పెట్టండి. మీ చుట్టుపక్కల ఎవరైనా మిమ్మల్ని ఇప్పటికే ఏదో సాయం అడిగి ఉంటారు, మీరు టైం లేదని దాటేసి ఉంటారు. అది చెయ్యండి. వారానికి ఒకసారి, ఆరు నెలలు, ఎవరికీ చెప్పకుండా. ఈఎంఐలు కట్టండి. మీ మాటకు తల ఊపే స్నేహితుడిని కాకుండా, కాదనగలిగే ఇద్దరు పెద్దవాళ్ళను అడగండి. ప్రార్థనలో, నన్ను అక్కడికి పంపు అని చెప్పడం కొన్నాళ్ళు ఆపి, ఈ రోజు నేను ఎవరికి కావాలి అని అడిగి చూడండి. నేను అలా అడగడం మొదలుపెట్టాక జవాబులు చాలా త్వరగా వచ్చాయి. సాధారణంగా మధ్యాహ్నంలోపే.

ఇక అమ్మ సంగతి. నేను చెప్పిన రోజు మా అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని గోంగూర ఆకు తెంపుతోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒక కట్ట తీసుకున్నాను. సగం అయ్యాక చెప్పాను. అప్పు తీరిపోయిందని, తమ్ముడి ఫీజు కట్టేశానని, రెండేళ్ళకు సరిపడా బ్యాంకులో ఎంతుందో ముందు చెప్పి, ఆ తరవాత ఉద్యోగం సంగతి చెప్పాను. దేవుడు చెప్పాడు అనలేదు. ఆ మాట అంటే ఆమెకు తిరిగి మాట్లాడే దారి ఉండదు, అమ్మ దగ్గర అలా చెయ్యకూడదు అనిపించింది. నాకు ఇలా అనిపిస్తోంది, ఏడాదిన్నరగా పోవడం లేదు, నువ్వు కూడా ప్రార్థన చెయ్యి అన్నాను.

ఆమె చాలాసేపు ఆకు తెంపుతూనే ఉంది. "మంచిగున్న నౌకరి ఇడిచిపెడ్తవా?" అంది. ఏడ్చింది కూడా. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేను వాదించలేదు, శనివారం ఎప్పటిలాగే ఎన్ఐఎంహెచ్‌కు వెళ్ళి వచ్చాను. చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచే అడిగింది, "ఆ పిలగాడు మెడ కాడి గుండీ పెట్టుకుంటుండా?"